గోకులపు ముంగిలి – తొలి పాఠశాల

సకల విద్యలకును మూలమైన పరమాత్మ శ్రీకృష్ణుడై అవతరించి, తానును గురుకులమున విద్య నభ్యసించిన వృత్తాంతము శ్రీమద్భాగవత దశమ స్కంధమున కలదు. ఉపనయనానంతరము బలరామునితో గూడి అవంతీపురమునకు పోయి, సాందీపని సన్నిధిని అరువది నాలుగు దినములలో అరువది నాలుగు కళలను గ్రహించెనని శుకయోగి పరీక్షిన్మహారాజునకు వినిపించెను. ఇది అందరెరిగిన కథయే. కాని సాందీపని ఆశ్రమమునకు పోవుటకు ఎంతయో ముందే ఆ బాలుడు మరియొక పాఠశాలలో చదివియుండెను. అందు పలక లేదు, పుస్తకము లేదు, ఉపాధ్యాయుడను పేరు గలవాడును లేడు. నందగోపుని ముంగిలియే ఆ పాఠశాల. వంటయింటికిని పశువుల కొట్టమునకును నడుమ తీరిక లేక తిరుగాడు యశోదయే ఆ గురువు.

ఆ పాఠశాలలో ఏమి నేర్పిరో దశమ స్కంధము పదునొకండవ అధ్యాయమున శుకుడు చక్కగా చెప్పినాడు. గోపికలు చప్పట్లు చరచి ప్రోత్సహింపగా బాలకృష్ణుడు కొయ్యబొమ్మవలె వారికి వశుడై ఆడుచుండెను, అమాయకుడై పాడుచుండెను. వారు తెమ్మనగా ఒకప్పుడు పీటను, ఒకప్పుడు కొలపాత్రను, ఒకప్పుడు పాదుకలను మోసికొని వచ్చుచుండెను. చేతులాడించుచు తనవారిని మురిపించుచుండెను. భగవంతుడు భక్తులకు ఎంతగా వశుడగునో లోకమునకు చూపుటకే ఈ లీల యని శుకుని తాత్పర్యము. దీనియందు గృహస్థులు గ్రహింపవలసిన మరియొక ధర్మమును కలదు. పీట, కొలపాత్ర, పాదుకలు – ఈ మూడును లేని ఇల్లు లేదు. జగద్గురువు ఏ వస్తువులతో ఆడుకొని పెరిగెనో ఆ వస్తువులు పేదయింట సైతము నేటికిని ఉన్నవి.

ఈ మాట అనంతపురపు మెట్టసీమ గృహస్థులకు ప్రత్యేకముగా చెప్పదగియున్నది. నైరుతి మేఘములు పడమటి కనుమలలోనే తమ నీటిని చాలవరకు కురిసి, ఈ పీఠభూమికి తేలికబడి వచ్చును. ఈశాన్యపు వానలు తూర్పుతీరము దాటి ఇంత దూరము వచ్చునప్పటికి బలము తగ్గును. ఏడాది మొత్తము మీద సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే ఇచ్చటి ఎఱ్ఱనేలలకు దక్కును. ఆ కొద్దిపాటి వానయు అదనుకు రాదు. వేరుశనగ విత్తి ఆకాశము వంక చూచుటయే ఇచ్చటి సేద్యము. వాన తప్పిన ఏట ఎన్నియో కుటుంబములు బెంగళూరు వంటి నగరములకు కూలికి వలసపోవును. బిడ్డలను కొందరు వెంట తీసికొనిపోదురు, కొందరు అవ్వతాతల యొద్ద విడిచిపోదురు.

ఇట్టి ఇండ్లలో తరచుగా వినబడు మాట యొకటి కలదు. "మేము చదువుకున్నవాళ్ళము కాదు. బిడ్డకు మేమేమి నేర్పగలము? బడిలో అయ్యవారే నేర్పవలె" అని తలిదండ్రులు నిట్టూర్చుచుందురు. వారి వినయము మెచ్చదగినదే. కాని ఆ తలపు వలన బిడ్డకు గొప్ప నష్టము కలుగుచున్నది. మెదడు ఎదుగుదలలో 85 శాతమునకు పైగా ఆరేండ్ల లోపలనే జరుగునని 2020 నాటి జాతీయ విద్యావిధానము పేర్కొన్నది. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము వలన అంగన్‌వాడీలు పల్లెలకు వచ్చినవి. అవి గొప్ప అండయే. ఐనను అచ్చట బిడ్డ గడపునది దినమున కొన్ని గడియలు మాత్రమే. మిగిలిన కాలమంతయు ఇంటిదే. అయ్యవారి చేతికి అందకముందే బిడ్డ మనస్సున పునాది పడిపోవుచున్నది. ఆ పునాది వేయువారు అవ్వయు, అమ్మయు, నాయనయు.

బాలకృష్ణుని పెంపకమునకు పరవశులైన ఆళ్వారులలో అగ్రగణ్యులు పెరియాళ్వారు. శ్రీవిల్లిపుత్తూరున వటపత్రశాయికి పుష్పకైంకర్యము చేసిన ఆ విష్ణుచిత్తుల కథనే శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదగా తెలుగువారికి అందించినాడు. పెరియాళ్వారు తమ తిరుమొళిలో తామే యశోదయై బాలకృష్ణుని ఒక్కొక్క ముచ్చటను అనుభవించిరి. ఉయ్యాలలో జోల పాడుట, చందమామను రమ్మని పిలుచుట, చప్పట్లు కొట్టించుట, తప్పటడుగులు వేయించుట, వెనుకనుండి వచ్చి కౌగిలించుకొమ్మనుట, బూచిని చూపి బెదరించుట – ఇవన్నియు అందు వరుసగా కలవు. వేదాంతులు సైతము పారాయణము చేయు దివ్యప్రబంధమున పసిబిడ్డల ఆటలకు ఇంత చోటు లభించినది. ఇవి చిన్న విషయములని పెద్దలు తలపలేదు.

నిజమునకు వీనిలో ప్రతి యాటయు ఒక పాఠమే. తల్లి చంకనెత్తుకొని చందమామను చూపునపుడు బిడ్డ మొదట తల్లి వ్రేలిని చూచును, పిదప వ్రేలు చూపిన దిక్కును చూచును. ఇద్దరి చూపులును ఒక్కచో నిలుచును. ఆ క్షణమున తల్లి పలికిన పేరు బిడ్డకు మాటయై నాటుకొనును. చప్పట్లు కొట్టుటలో రెండు చేతులు కలియుట, తాళము తప్పకుండుట అలవడును. రేపు భజనలో తాళము వేయవలసిన చేతులకు అదియే మొదటి సాధన. దోబూచులాటలో తల్లి కొంగుతో ముఖము కప్పికొనును, బిడ్డ తెల్లబోవును. కొంగు తొలగగానే కిలకిల నవ్వును. పదిమారులు ఆడినమీదట కొంగు కప్పియున్నప్పుడే నవ్వుట మొదలిడును. కనబడనంత మాత్రమున అమ్మ లేకపోలేదని ఆ పసిమనస్సు గ్రహించినదన్నమాట.

ఈ గ్రహింపు సామాన్యమైనది కాదు. రాసక్రీడ నడుమ కృష్ణుడు అంతర్ధానమైనప్పుడు గోపికలు నేర్చికొన్నదియు ఇదియే. కంటికి కానరానివాడు లేనివాడు కాడు. వలసపోవు తల్లికి కూడ ఈ యాట యొక ధర్మమును బోధించును. బిడ్డ నిద్రపోవుచుండగా చెప్పక పోవుట మేలని కొందరు తలంతురు. లేచిన బిడ్డకు తల్లి కనబడదు, తిరిగి వచ్చునను ఆధారమును ఉండదు. పోవుటకు ముందు బిడ్డను ఒడిలోనికి తీసికొని, ఎచ్చటికి పోవుచున్నదియు, ఏ పండుగకు తిరిగివచ్చునదియు నోరార చెప్పి పోవుట మేలు. బిడ్డ ఏడ్చినను ఏడ్వనిమ్ము. చెప్పిన నాటికి వచ్చిన తల్లి, కొంగు తొలగించి నవ్విన తల్లివంటిదే. దూరమున నున్నన్నాళ్ళు రాత్రిపూట ఫోనులో ఒక చిన్న కథ చెప్పుట కూడ ఆ దోబూచులో భాగమే.

ఇక నడక వచ్చిన బిడ్డకు శుకుడు చెప్పిన పీట, కొలపాత్ర, పాదుకలు చాలును.

సంగటి వేళకు పీటలు వేయుమని మూడేండ్ల బిడ్డకు చెప్పుడు. ఎందరు భోజనమునకు కూర్చుందురో ఆ బిడ్డ తలచుకొనవలెను – తాతకు ఒకటి, నాయనకు ఒకటి, అన్నకు ఒకటి. మనిషికొక పీట యని జోడించుటయే లెక్కకు మొదలు. ఒక పీట తక్కువైనచో "ఎవరికి లేదు?" అని అడుగుడు. తీసివేత అచ్చటనే తెలియును. అతిథి వచ్చినచో ముందుగా ఆయనకు పీట వేయించుడు. గణితముతో కూడ అతిథిపూజయు అలవడును.

కొలపాత్రతో ఆడుకొననిండు. తెలుగు ఇండ్ల పాతలెక్కలో నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. నేడు ఆ పాత్రలు లేకున్న లోటు లేదు. ఎన్ని లోటాలు పోసిన చెంబు నిండును, ఎన్ని చెంబులకు బిందె నిండును అని బిడ్డచేత పోయించి చూపవచ్చును. నీటికి కరవైన సీమలో నీటితో ఆటయేమని శంకింపనక్కరలేదు. కూరగాయలు కడిగిన నీటితోనే ఆడించి, ఆ నీటిని తులసికోటకు దూరముగా నున్న కరివేప మొక్కకో, గుమ్మడి పాదుకో పోయించుడు. నీటి విలువను ఉపన్యాసముతో చెప్పుటకంటె చిట్టిచేతుల బరువుతో చెప్పుట మేలు.

పాదుకల మాట వేరుగా చెప్పవలెను. గడపయొద్ద చెదరియున్న చెప్పులను జతలుగా కూర్చుమనుడు. ఏది కుడి, ఏది ఎడమ, ఏది పెద్ద, ఏది చిన్న యని బిడ్డ పోల్చి చూచును. "తాత చెప్పులు తెచ్చి పెట్టమ్మా" యని పిలిచినచో ఆ చిన్నారి ఎంత గర్వముతో పరుగిడి తెచ్చును! దేవాలయమున తలపై శఠారి నుంచునపుడు శ్రీవైష్ణవులు దానిని స్వామి పాదుకలుగా భావించి శిరసొగ్గుదురు. శఠకోపులనబడు నమ్మాళ్వారుల నామమే దానికి కలదు. పెద్దల పాదుకలను మోయుట నేర్చిన శిరస్సు రేపు స్వామి పాదుకలకు వంగును. ఆటగా మొదలైనది కైంకర్యమై నిలుచును.

ఇచ్చట ఒక చిక్కు కలదు. బిడ్డ చేసిన పని పెద్దలు చేసినట్లుండదు. నీళ్ళు ఒలుకును, గింజలు చెదరును, పని ఆలస్యమగును. కలిగినవారింట అది నవ్వుకొని విడువదగినది. కరవుసీమలో ఒలికిన పిడికెడు గింజలును నష్టమే.

జ్యేష్ఠమాసమున విత్తనపు కాయలు ఒలుచుచున్న ఒక మెట్టరైతు ఇంటిని తలపునకు తెచ్చుకొందము. విత్తనము అప్పు చేసి తెచ్చినది. నాలుగేండ్ల పాప పక్కనచేరి ఒలిచిన గింజలను చేటలోనుండి పిడికిట తీసి ఎంచబోవును. చేట ఒరిగి గింజలు మట్టిలో పడును. తండ్రి చేయెత్తును. "కొట్టద్దు నాయనా, ఏరుకోనీ" యని అవ్వ వారించి, పాపను చేరదీసి, "ఒక్క గింజ పోకుండా ఏరు తల్లీ. పదీ పదీ కుప్పలు పెట్టు" మనును. పాప ఏరును. ఏరుచుండగా అవ్వ ఒక్కొక్క గింజ చూపించును – పొర చెదరనిది విత్తనమునకు, పప్పు విడిపోయినది పచ్చడికి. విడిపోయినది మొలవదని పాపకు అప్పుడే తెలిసినది. పది వరకు లెక్కయు వచ్చినది. గింజలన్నియు చేటలోనికి తిరిగి వచ్చినవి. ఎత్తిన చేయి దించుకొనుట మాత్రమే తండ్రి చేసిన వ్యయము. ఆ చేయి పడియున్నచో గింజలు తిరిగి వచ్చెడివే గాని, పాప మరి చేట దరికి వచ్చియుండదు.

గోకులమున పండ్లమ్మ కథ ఈ సందర్భమున స్మరింపదగినది. పండ్లు కొనరో యను కేక విని బాలకృష్ణుడు దోసిట ధాన్యము పట్టుకొని పరుగెత్తెను. ధాన్యమిచ్చి పండ్లు కొనుట పెద్దలు చేయగా చూచియున్నాడు గదా! పరుగున వ్రేళ్ళసందుల గింజలు జారిపోయెను. ఆమెను చేరునప్పటికి చేతులలో మిగిలినది అత్యల్పము. ఆమె కొలత చూడలేదు. చెదరిన గింజల నెంచలేదు. ఆ చిన్ని చేతులు రెండును నిండునట్లు పండ్లు పెట్టెను. ఆమె గంప రత్నములతో నిండెను. బిడ్డ దారిలో ఒలకబోసిన దానిని విడిచి, తెచ్చిన దానిని చూచుట నేర్చినవారికి ఈ ఫలము కలుగునని ఈ కథకు గృహస్థులు చెప్పుకొనదగిన అర్థము.

యశోద ప్రవర్తనయు ఇట్టిదే. ఆమె కుమారుని లీలలను పాడుకొనుచు పెరుగు చిలుకుచుండెను. బాలుడు వచ్చి కవ్వము పట్టుకొనెను. పాలిచ్చుచుండగా పొయ్యిమీది పాలు పొంగెను. బిడ్డను దించి ఆమె పరుగెత్తెను. కోపించి బాలుడు పెరుగుకుండను పగులగొట్టెను. తిరిగివచ్చిన తల్లి పగిలిన కుండను చూచి మొదట చేసినదేమి? నవ్వెను. పిదప కఱ్ఱ పట్టుకొని వెంటబడిన మాట నిజమే. కాని బిడ్డ కన్నులలో భయము చూడగానే ఆ కఱ్ఱను పారవైచెను. దండింపవలసి వచ్చినను బిడ్డ ముఖము చూచుచు దండించిన తల్లి ఆమె.

దీనికి ప్రతిగా భాగవతమే మరియొక పెంపకమును సప్తమ స్కంధమున చూపినది. హిరణ్యకశిపుడు కుమారుని తొడపై కూర్చుండబెట్టుకొని, నేర్చిన చదువులో మేలైనది చెప్పుమని ముద్దుగా అడిగెను. ప్రహ్లాదుడు నవవిధ భక్తిని చెప్పెను. అది తాను కోరిన జవాబు కాదు గనుక తండ్రి ఆ బిడ్డను తొడపైనుండి క్రిందికి త్రోసివేసెను. బిడ్డను ప్రశ్నించుట అతడెరుగును, బిడ్డ చెప్పినది వినుట ఎరుగడు. ఖాద్రి క్షేత్రమైన కదిరిలో శ్రీ లక్ష్మీనరసింహస్వామి ప్రహ్లాద సమేతుడై దర్శనమిచ్చుచున్నాడు. 2022లో జిల్లాల పునర్విభజనతో కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినను, అనంతపురపు పల్లెలన్నిటికి ఆయన ఇంటి దైవమే. గర్భాలయమున నిలిచి చూచు తలిదండ్రులు ఒక్క విషయము తలపోయవలెను. తండ్రి తొడ త్రోసివేసిన బిడ్డకు స్వామి తన పక్కన చోటిచ్చినాడు.

ఇచ్చట కొందరు శంకింపవచ్చును. ప్రహ్లాదుడు బాల్యముననే ఆటవస్తువులను విడిచెనని భాగవతమే చెప్పుచున్నది గదా, ఆటలను పొగడుట ఏల? సమాధానము ఆ కథలోనే కలదు. తల్లి కయాధువు గర్భమున నుండగనే నారదుని ఉపదేశము విన్నవాడతడు. ఆట వలన కలుగవలసిన ఫలము అతనికి ముందే కలిగినది. ఐనను తోటిబాలుర ఆటవస్తువులను అతడు లాగివేయలేదు. గురువులు ఇంటిపనిమీద పోయినప్పుడు బాలురు ఆటకు పిలువగా, చిరునవ్వుతో వారితో మధురముగా మాటలాడెను. ఆ మాటలకు ముగ్ధులై బాలురే ఆటవస్తువులు విడిచి చుట్టును చేరిరి. చండామార్కులు దండనీతితో నేర్పలేనిది ప్రహ్లాదుడు ఆటవేళ స్నేహముతో నేర్పెను.

కూతురు తండ్రి పనిలో ఆడుకొనిన కథలలో గోదాదేవి కథను మించినది లేదు. తులసివనమున దొరికిన బిడ్డను విష్ణుచిత్తులు పెంచిరి. పూలు కోయుట, మాల కట్టుట తండ్రి నిత్యకృత్యము. ఆ మాలల నడుమ పెరిగిన బాలిక స్వామికి కట్టిన మాలను తాను ధరించి చూచుకొనెను. తండ్రి మొదట నొచ్చుకొనెను. ఆమె ధరించి విడిచిన మాలయే తనకు ప్రియమని స్వామి తెలిపెను. తండ్రి పనిని చూచుచు పెరిగిన ఆ చేతులే పిదప తిరుప్పావై యను పాశురమాలను కట్టినవి. ధర్మవరము చేరువనున్న నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారుల కుటుంబములు ఈ విద్యను తరతరములుగా ఇంటిలోనే నేర్చుచున్నవి. మేకతోలుపై రామాయణ పాత్రలను గీసి, రంధ్రములు తొలిచి, రంగులద్దు పెద్దల పక్కన కూర్చున్న పిల్లలకు అదియే బడి. ఆ కళకు 2020లో దళవాయి చలపతిరావుగారి ద్వారా పద్మశ్రీ గౌరవము లభించినది.

తీరిక వేళలకును పెద్దలు మంచి ఆటలనే ఉంచిపోయిరి. వామనగుంటలలో వరుసకు ఏడేసి గుంటలు. ఒక గుంటలోని చింతపిక్కలన్నియు తీసి, తరువాతి గుంటలకు ఒక్కొక్కటిగా పంచుచు పోవలెను. పంచుచు లెక్కపెట్టుట అందలి సొగసు. ఆడించుచు బలిచక్రవర్తి దానమును కథగా చెప్పవచ్చును. వైకుంఠ ఏకాదశి జాగరమున పలు ఇండ్లలో వైకుంఠపాళి పరతురు. సద్గుణము నిచ్చెన, దుర్గుణము పాము. పాము మ్రింగి క్రిందికి జారిన మనుమడు కంట నీరు పెట్టినచో "మళ్ళీ వెయ్యి నాయనా, పందెము అయిపోలే"దని అవ్వ చెప్పు మాటలో శరణాగతి సారమే కలదు.

ఈ ఆటల చోటును నేడు మొబైల్ ఫోను ఆక్రమించుచున్నది. ఏడాది నిండని శిశువునకు తెరను చూపనే కూడదనియు, రెండు మొదలు నాలుగేండ్ల వారికి దినమునకు గంట మించరాదనియు, ఎంత తగ్గిన అంత మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది. తెర పాడును గాని బిడ్డ పాడినచో వినదు. చప్పట్లు చూపును గాని బిడ్డ చప్పట్లకు మురియదు. గోపికలు మురిసిరి గనుకనే కృష్ణుడు ఆడెను.

కూలికి పోయి అలసి వచ్చిన తల్లికి ఇన్ని ఆటలకు ఓపిక ఎక్కడిదని ఎవరైనను అడిగినచో అది న్యాయమైన ప్రశ్నయే. యశోదయు తీరికగల స్త్రీ కాదు. ఆమె పిలిచి పాఠము చెప్పలేదు. చేయుచున్న పనిలోనే బిడ్డకు చోటిచ్చినది. సంగటి కెలుకునపుడు ఒక మాట, ముగ్గు పెట్టునపుడు నాలుగు చుక్కలు, దీపము వెలిగించునపుడు ఒక నామము – ఇంతయే. ఈ పనిలో తండ్రికిని సమాన భాగము కలదు.

యశోద కట్టబోయిన త్రాడు ఎన్ని ముడులు వేసినను రెండంగుళములు తక్కువయ్యెను. భక్తుని ప్రయత్నము ఒక అంగుళము, భగవంతుని కృప మరియొక అంగుళమని పెద్దలు వ్యాఖ్యానించిరి. తల్లి అలసటను చూచి ఆయనయే కట్టుబడెను. కరవుసీమ గృహస్థునకు కొరతలు పెక్కులు కలవు. వాన అతని చేతిలో లేదు, పంట అతని చేతిలో లేదు. బిడ్డకు పీట వేయ నేర్పు రెండు నిమిషములు మాత్రము అతని చేతిలోనే ఉన్నవి. ఆ యొక్క అంగుళమును అతడు పూరించినచో, రెండవ దానిని గోకులపు ముంగిట పీట మోసిన స్వామి పూరింపక మానడు.

శ్రీకృష్ణార్పణమస్తు.